ఎడారి నగరంలో ఇసుక తుఫానులు: హైదరాబాదు నుంచి వెళ్ళేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలిదుమారం సాధారణంగా గంటలోపే ముగుస్తుంది. వెనుకనే నాలుగు చినుకులు పడి దుమ్మును అణచివేస్తాయి, మరునాటి ఉదయం వాకిలి ఊడ్చుకొంటే పని తీరిపోతుంది. కువైట్, రియాద్, దోహా, దమ్మాం వంటి నగరాలకు ఉద్యోగం మీద వెళ్ళేవారు ఈ అనుభవంతోనే అక్కడి ఇసుక తుఫానును అంచనా వేసుకొంటారు. అక్కడ వేసవిలో ఒకసారి దుమ్ము లేచిందంటే దానిని అణచడానికి వాన రాదు. గాలి తగ్గినా ఒకటి రెండు రోజుల పాటు ఆకాశం మట్టిరంగులోనే ఉండిపోవచ్చు. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పనుల్లో ఎక్కువ భాగం తుఫాను వీచే గంటలకంటే, అంతకు ముందు చేసి ఉంచుకోవలసినవి, ఆ తరువాత ఓపికగా చేయవలసినవి.

గాలిలో ఎగిరేది ఏమిటి, ఎప్పుడు ఎగురుతుంది

గాలి బలంగా వీచినప్పుడు ముతక ఇసుక రేణువులు నేలను అంటిపెట్టుకొని ఎగురుతూ పడుతూ పోతాయి. అవి మనిషి ఎత్తును దాటడం అరుదు. అంతకంటే సన్నని ధూళి మాత్రం కిలోమీటర్ల ఎత్తుకు లేచి, వందల కిలోమీటర్లు ప్రయాణించి, గాలి ఆగిన తరువాత కూడా తేలుతూనే ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకొంటే, ముక్కును దాటి లోపలికి పోగల ధూళి 10 మైక్రాన్లకు లోపుది, 2.5 మైక్రాన్లకంటే సన్ననిది ఊపిరితిత్తుల లోలోపలి గాలిగదుల దాకా చేరుతుంది. వాతావరణ సూచనల్లో కనిపించే పీఎం 10, పీఎం 2.5 అనే అంకెలు వీటికి సంబంధించినవే. పీఎం 10 ఇరవై నాలుగు గంటల సగటు ఘనపు మీటరుకు 45 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశపు ప్రమాణం 100. తీవ్రమైన తుఫాను రోజున అక్కడ ఈ అంకె వేలల్లోకి పోతుంది. కంటికి కనిపించి భయపెట్టే ఇసుకకంటే, గాలి నిలిచాక కూడా తేలుతూ ఉండే ఈ ధూళినుంచే మీరు ఎక్కువగా కాపాడుకోవాలి.

ఈ తుఫానులు ఏడాది పొడవునా ఒకే తీరుగా రావు. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలులు దక్షిణ ఇరాక్‌లోని ఎండిన మైదానాల ధూళిని ఎత్తుకొని కువైట్ మీదుగా సౌదీ తూర్పు తీరానికి, బహ్రెయిన్‌కు, ఖతర్‌కు, ఎమిరేట్స్‌కు తెస్తాయి. జూన్, జూలై నెలలు వాటికి పెట్టింది పేరు. మనకు ఇక్కడ మృగశిర కార్తె ప్రవేశించి వాతావరణం చల్లబడే రోజుల్లోనే అక్కడ షమాల్ పుంజుకొంటుందని గుర్తు పెట్టుకొంటే కాలం మరచిపోరు. రియాద్‌లో మాత్రం మార్చి నుంచి మే వరకు దుమ్ము ఎక్కువ. ఆ వసంతకాలంలోనే కువైట్ ప్రాంతంలో ఉరుములతో కూడిన మబ్బు కింద నుంచి ఒక్కసారిగా చల్లని గాలి దిగి, దుమ్మును గోడలా లేపి నిమిషాల్లో నగరం మీదికి తెస్తుంది. దీనిని హబూబ్ అంటారు. షమాల్‌కు ఒకటి రెండు రోజుల ముందే సూచన ఉంటుంది, హబూబ్‌కు ఉండకపోవచ్చు. మధ్యాహ్నం తరువాత దూరాన నల్లమబ్బు, దాని అడుగున గోధుమరంగు చార కనిపించి, వేడిగాలి హఠాత్తుగా చల్లబడిందంటే లోపలికి వెళ్ళిపోవడమే సరైన పని.

హైదరాబాదులో ఉండగానే చేయవలసినవి

మొదటి పని మీ ఊపిరితిత్తుల సంగతి తేల్చుకోవడం. చిన్నప్పుడు ఉబ్బసం ఉండి తగ్గిపోయిందనుకొనేవారు, చలికాలంలో పిల్లికూతలు వచ్చేవారు, తుమ్ములతో నిద్రలేచేవారు బయలుదేరకముందే ఛాతీ వైద్యునికి చూపించుకొని, ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఇందుకు పేరున్న చోటు. మీ ఇంటి దగ్గరి ఛాతీ నిపుణులైనా సరే. వీసా కోసం చేసే వైద్యపరీక్షలో ఎక్స్‌రే ఉంటుంది కాబట్టి ఇది అనవసరమని అనుకోకండి. ఉబ్బసం ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మృగశిరనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం తీసుకొనే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, కానీ దానిని నమ్మి ఇన్‌హేలరును ఇంట్లో వదిలి విమానం ఎక్కకండి.

వైద్యుడు ఇన్‌హేలర్లు రాస్తే ఏది దేనికో స్పష్టంగా అడిగి తెలుసుకోండి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు, ఆయాసం రాకుండా రోజూ పీల్చవలసినది వేరు. బాగున్నామని రెండవదానిని మానేసినవారే తుఫాను రోజుల్లో ఎక్కువ ఇబ్బంది పడతారు. కనీసం రెండు మూడు నెలలకు సరిపడా మందులు, ఇంగ్లీషులో స్పష్టంగా రాసిన చీటీ, కొన్న బిల్లు చేతిసంచిలోనే పెట్టుకోండి. దగ్గు మందుల విషయంలో జాగ్రత్త అవసరం: కోడీన్ కలిసిన సిరప్పులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు, అనుమతి లేకుండా తీసుకువెళితే కేసు అవుతుంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కాబట్టి అమ్మ సర్దిపెట్టే మసాలా డబ్బాలో అవి లేకుండా చూసుకోవలసిందీ ఇందుకే.

కొనవలసిన వస్తువులు ఎక్కువ లేవు. ఎన్ 95 మాస్కులు ఒక పెట్టె, కంటి చుట్టూ అతుక్కొని ఉండే కళ్ళద్దాలు ఒక జత, కంటి చుక్కలు, కిటికీ సందులకు అంటించే స్పాంజి పట్టీ ఒక చుట్ట ఉంటే చాలు. మాస్కులు కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో దొరుకుతాయి. బట్ట మాస్కు, దస్తీ ముతక ఇసుకను ఆపుతాయే తప్ప సన్నని ధూళిని ఆపలేవు. దస్తీని తడిపి కట్టుకొన్నా అంతే. గడ్డం ఉన్నవారికి ఎన్ 95 కూడా ముఖానికి సరిగా అతకదు, అంచుల నుంచి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. గడ్డం తీయడం ఇష్టం లేనివారు ఆ రోజుల్లో బయట గడిపే సమయాన్ని తగ్గించుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మామూలు కళ్ళజోడు ఒకటి తప్పకుండా వెంట తీసుకువెళ్ళాలి.

గదిని సిద్ధం చేసుకోవడం

చేరిన మొదటి వారంలోనే గదిని పరిశీలించండి. పగటిపూట లోపలి దీపాలు ఆర్పి, కిటికీ చట్రం చుట్టూ, తలుపు కింద, ఏసీ గోడలోకి దూరిన చోట, గొట్టాలు బయటికి పోయే కంతల దగ్గర వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. వెలుతురు వచ్చే ప్రతి సందు ధూళికి దారే. జరిగే కిటికీలకు స్పాంజి పట్టీ, కదలని సందులకు టేపు, తలుపు కిందికి మందపాటి తువ్వాలు సరిపోతాయి. అద్దె గది అయితే గోడకు ఏదైనా పూసేముందు యజమానిని అడగడం మర్యాద, తరువాత డిపాజిట్ గొడవ కూడా ఉండదు.

ఏసీ గురించి కొత్తవారికి ఎప్పుడూ ఒక సందేహం ఉంటుంది: తుఫాను వస్తే ఆపివేయాలా? స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది కాబట్టి దానిని ఆపవలసిన పని లేదు. కిటికీ ఏసీకి బయటి గాలిని లోపలికి తెచ్చే చిన్న మీట ఉంటుంది, దానిని మూసి ఉంచాలి. పెద్ద భవనాల్లో అందరికీ కలిపి నడిచే ఏసీ అయితే బయటి గాలి తీసుకొనే ద్వారం మీ చేతిలో ఉండదు. నిర్వహణ చూసేవారికి ముందుగా చెప్పి పెట్టుకోండి. దుమ్ము కాలంలో ఏసీ జల్లెడను వారానికి ఒకసారి బయటికి తీసి, కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. నెలల తరబడి కడగని జల్లెడతో నడిచే ఏసీ గదిని చల్లబరచదు, పైగా పాత దుమ్మును కొత్తగా మన మీదికి ఊదుతుంది.

గాలిని శుద్ధిచేసే యంత్రం కొనే శక్తి ఉంటే, సన్నని ధూళిని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టరు ఉన్నదానిని, గది వైశాల్యానికి తగినదానిని చూసుకొని కొనండి. ఓజోన్ వదిలే రకాలు వద్దు, అవి ఊపిరితిత్తులకే హాని చేస్తాయి. ఆరుగురు ఎనిమిదిమంది కలిసి ఉండే క్యాంపు గదిలో యంత్రంకంటే కట్టుబాటే ఎక్కువ పని చేస్తుంది. చెప్పులు, పని బట్టలు గుమ్మం బయట ఒక మూతసంచిలో ఉండాలి. తుఫాను రోజున పొగ తాగడానికో ఫోన్ మాట్లాడడానికో మాటిమాటికీ తలుపు తెరవకూడదు. తలుపు కింది తువ్వాలు తడిపే బాధ్యత ఆ రోజుకు ఒకరిది కావాలి. ఇవి మొదటి తుఫాను రాకముందే కూర్చొని మాట్లాడుకోవలసిన మాటలు.

హెచ్చరిక వచ్చిన రోజు

ఆయా దేశాల వాతావరణ శాఖల సూచనలను ఫోనులో చూడడం రోజువారీ అలవాటు చేసుకోండి. సౌదీలోనూ ఎమిరేట్స్‌లోనూ హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వస్తాయి. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే పనులు మార్చుకొమ్మని, ఎరుపు అంటే బయటికి రావద్దని అర్థం చేసుకొంటే పొరపాటు ఉండదు. రంగుతో పాటు దృశ్యగోచరత ఎంత దూరమో కూడా చూడండి. అది ఒక కిలోమీటరుకంటే తగ్గినప్పుడే వాతావరణ శాస్త్రం దానిని తుఫానుగా లెక్కిస్తుంది. అరబ్బులు ‘గుబార్’ అన్నా, కువైట్‌లో ఎవరైనా ‘తోజ్’ అన్నా ఇదే వస్తోందని గ్రహించి కిటికీ దగ్గరికి నడవండి.

ఆరవేసిన బట్టలు లోపలికి తేవాలి, మిద్దె మీది నీటి ట్యాంకు మూత బిగించి ఉందో లేదో చూడాలి, తాగునీరు పట్టి మూత పెట్టుకోవాలి, బియ్యం డబ్బా, పచ్చడి జాడీ, నూనె గిన్నె మూసి ఉంచాలి. తుఫాను వీచినంతసేపు వంటింటిలోనూ స్నానాల గదిలోనూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి ఉంచండి. అది లోపలి గాలిని బయటికి లాగిన కొద్దీ ఆ ఖాళీని నింపడానికి సందుల గుండా దుమ్ము లోపలికి వస్తుంది. ఫ్యాన్ ఆగితే వంట పొగ గదిలోనే నిలుస్తుంది కాబట్టి ఆ పూటకు ఎండుమిరపకాయల పోపు, చేపల వేపుడు మానుకొని పెరుగన్నంతోనో ముందే వండి ఉంచుకొన్న పప్పుతోనో సరిపెట్టుకోవడం మంచిది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట వెలిగించకండి. మూసిన గదిలో వాటి పొగ బయటి దుమ్ముకు తోడు కావడం తప్ప ఒరిగేది లేదు.

ఆరుబయట పని చేసేవారి సంగతి వేరుగా చెప్పాలి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు, సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది ఎండకోసం పెట్టినది, దుమ్ముకోసం కాదు. తుఫాను ఉదయం ఎనిమిదింటికి వస్తే ఆ నిబంధన మిమ్మల్ని కాపాడదు. పరంజా మీద, క్రేను దగ్గర ఉన్నవారు గాలి బలపడగానే దిగి, వెంటనే సూపర్‌వైజరుకు చెప్పాలి. ఎదురుగా ఉన్న భవనం అంచులు మసకబారడం మొదలైతే అది దిగవలసిన వేళే. బైకు మీద సరుకులు అందించే కుర్రవాళ్ళు ఆర్డరు పోతుందని లెక్క చూడకుండా దగ్గరి పెట్రోలు బంకులోకో భవనం కింది పార్కింగులోకో బండి తిప్పాలి.

రోడ్డు మీద చిక్కుకొంటే

అసలు బయలుదేరకుండా ఉండడం మొదటి మార్గం. దారిలో ఉండగా దుమ్ము కమ్ముకొంటే వేగం మెల్లగా తగ్గించండి, హఠాత్తుగా బ్రేకు వేయకండి. ముందు దీపాలు లో బీమ్‌లో ఉండాలి. హై బీమ్ వేస్తే వెలుగు ధూళికి తగిలి వెనుకకు కొట్టి, ఉన్న చూపు కూడా పోతుంది. కారు ఏసీ లోపలి గాలినే తిప్పే అమరికలో ఉండాలి. ముందు బండి కనిపించడం లేదంటే రోడ్డు దిగిపోవాలి. మనకు చిన్నప్పటి నుంచి ఎడమకు తీసే అలవాటు ఉంటుంది, గల్ఫ్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి పక్కకు తీయవలసింది కుడివైపే. కంగారులో ఈ తేడా మరచి ఎడమకు తిప్పితే వేగంగా వచ్చే వరుసలోకి పోతారు.

ఆగవలసి వస్తే రోడ్డు అంచు గీతను దాటి, వీలైనంత దూరం వెలుపలికి పోయి ఆగండి. అక్కడ హ్యాండ్‌బ్రేకు వేసి, దీపాలు ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీయండి. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని దానికి కారణం ఉంది: దుమ్ములో వెనుక వచ్చే డ్రైవరు ఎర్రదీపం కనిపిస్తే అదే రోడ్డు అనుకొని దాని వెంట వస్తాడు. బండి రోడ్డు మధ్యలోనే చెడిపోయి కదలకపోతే మాత్రం హజార్డ్ దీపాలు వెలిగించి, చూసుకొని దిగి, రోడ్డుకు దూరంగా వెళ్ళి నిలబడాలి. నడుస్తూ చిక్కుకొన్నవారు గాలికి వీపు తిప్పి, గోడ చాటుకు చేరి, ముక్కు నోరు కప్పుకోవాలి. హోర్డింగుల కింద, రేకుల షెడ్ల పక్కన నిలబడకూడదు.

వెలిసిన తరువాత

గాలి ఆగగానే కిటికీలన్నీ తెరవాలనిపించడం సహజం. తెరవకండి. సన్నని ధూళి ఇంకా గాలిలోనే ఉంటుంది. పీఎం 10 అంకె మీ నగరపు మామూలు స్థాయికి దిగిందని ఫోనులో చూసిన తరువాతనే తెరవండి, అందాకా బయట మాస్కు వాడండి. తడిసిన మాస్కునో, ఊపిరి పీల్చడానికి కష్టంగా తోచే మాస్కునో పారవేయాలి. ఎన్ 95ను ఉతికితే అది పనికిరాదు.

ఇల్లు శుభ్రం చేసే పద్ధతిలోనే చాలా ఉంది. కువైట్ ఇళ్ళల్లో పని చేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడపడుచులు తుఫాను రోజున లోపల ఉన్నా, మరునాడు ఆ ఇంటి దుమ్మంతా ఎత్తేది వాళ్ళే. అందువల్ల మాస్కు అందరికంటే వాళ్ళకే ఎక్కువ అవసరం. ఇంటివాళ్ళు ఇవ్వకపోతే అడిగి తీసుకోవడంలో మొహమాటం వద్దు. పొడి చీపురు, ఈక కుంచె ముట్టుకోకూడదు. అవి కూర్చున్న ధూళిని మళ్ళీ లేపుతాయి. తడి గుడ్డతో పైనుంచి కిందికి రావాలి: ముందు అల్మరాల పైభాగం, ఫ్యాను రెక్కలు, తరువాత కిటికీ గూళ్ళు, బల్లలు, చివరికి నేల. గుడ్డను ఒకే బక్కెట్టులో జాడిస్తూ పోతే మూడవ గదికి చేరేసరికి బురద పూసినట్లే ఉంటుంది, కాబట్టి ఒక బక్కెట్టు జాడించడానికి, మరొకటి మంచినీటికి పెట్టుకోండి. తివాచీలను ఇంట్లో దులపకండి. హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ క్లీనరుతో లాగాలి. దుప్పట్లు, దిండు గలీబులు విప్పి ఉతకాలి, ఎందుకంటే రాత్రంతా ముఖం వాటి మీదే ఉంటుంది.

కారును పొడి గుడ్డతో తుడవకండి. ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం గాజు తయారయ్యే క్వార్ట్‌జ్ ఖనిజమే, తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి. ముందు నీళ్ళు ధారగా పోసి ఇసుకను కడిగివేసి, ఆ తరువాతనే గుడ్డ పట్టండి. ఇంజను గాలి ఫిల్టరు, లోపలి ఏసీ ఫిల్టరు కూడా విప్పి చూడండి.

ఇక ఒంటి సంగతి. బయటి నుంచి రాగానే ముందు తలస్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, తరువాతనే మంచం మీద కూర్చోవాలి. కళ్ళు గరగరలాడితే రుద్దకుండా శుభ్రమైన నీటితో కడిగి, చుక్కలు వేసుకోండి. ముక్కు కడగడానికి అర లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఒక టీ చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. కుళాయి నీటిని మరిగించకుండా ముక్కులోకి ఎక్కించకూడదు. ఆయాసం ఉన్నవారు ఇన్‌హేలరును కారులో వదలకూడదు, ఎండలో నిలిచిన కారు లోపలి వేడికి ఆ డబ్బా పేలే ప్రమాదం ఉంది.

రెండు రోజులు దాటినా దగ్గు, పిల్లికూతలు తగ్గకపోయినా, కన్ను ఎర్రబడి చూపు మసకగా ఉన్నా వైద్యునికి చూపించుకోవాలి. ఇన్‌హేలరు పీల్చినా ఆయాసం తగ్గకపోవడం, మాట పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలిబారడం, ఛాతీలో నొప్పి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. కువైట్‌లో 112, ఖతర్‌లో 999, ఎమిరేట్స్‌లో అంబులెన్సుకు 998, సౌదీలో 997, ఒమన్‌లో 9999 నంబర్లకు ఫోను చేయాలి. 2022 మే నెలలో ఇరాక్‌లో ఒకే తుఫాను తరువాత ఊపిరి ఆడక ఆసుపత్రులకు చేరినవారు ఐదు వేలకు పైబడ్డారు. అటువంటి రోజున ఆలస్యంగా వెళితే వరుస పెద్దదవుతుంది.

ఆ నెలలోనే కువైట్ విమానాశ్రయంలో దుమ్ము కారణంగా విమానాలను కొంతసేపు నిలిపివేయవలసి వచ్చింది. అందువల్ల వేసవిలో సెలవు మీద వచ్చిపోయేవారు పెళ్ళి ముహూర్తానికో, వీసా గడువు చివరి రోజుకో సరిగ్గా చేరేలా టిక్కెట్టు తీసుకోకుండా, ఒకటి రెండు రోజులు ముందుగా చేరేలా చూసుకోవాలి. శంషాబాదుకు బయలుదేరేముందు ఇక్కడి వాతావరణంతో పాటు దిగబోయే నగరపు హెచ్చరికను, విమానం సమయాన్ని చూసుకోండి. మీరు అక్కడ ఉండగా ఇంట్లోవాళ్ళు టీవీలో దుమ్ముగోడ బొమ్మలు చూసి కంగారుపడతారు. నెట్‌వర్కు అందకపోతే ఎవరికి ఫోను చేయాలో, గదిలోని ఏ స్నేహితుని నంబరు తమ దగ్గర ఉండాలో ప్రయాణానికి ముందే రాసి వాళ్ళ చేతికి ఇచ్చి వెళ్ళండి.